ఆబోతుల పోరు, ఆబోతుల పొత్తు

పోయిన నెలలో ఎరువుల కొరకు వచ్చిన యువకులు నలుగురు మన సంఘ కార్యాలయపు అరుగుమీద గూర్చుండి బిగ్గరగా వాదించుకొనుచుండిరి. ఆ వాదము విత్తనమును గూర్చి కాదు, కాలువ వంతును గూర్చియు కాదు. కృత్రిమ మేధ యను క్రొత్త విద్యలో గూగులు కంపెనీ గెలుచునా, మైక్రోసాఫ్టు కంపెనీ గెలుచునా, ఛాట్‌జీపీటీని పుట్టించిన ఓపెన్‌ఏఐ గెలుచునా యని! ఒకడు పందెము గూడ కాచెను. ప్రక్కనే యూరియా బస్తామీద గూర్చున్న వృద్ధ రైతు ఒకడు విని, "ఆబోతులు పొడుచుకుంటే లేగల కాళ్లు విరుగుతాయిరా, మనకెందుకా గోల" యని మందలించి, మా వైపు తిరిగి "మీరేమంటారయ్యా?" యని యడిగెను. అప్పుడు ట్రాక్టరు బయలుదేరుచుండుటచే ఒక్క మాటతో ముగించితిమి. ఆ ఒక్క మాటను ఇచ్చట విరివిగా వ్రాయుచున్నాము.

పెద్దవాని సామెత పశువుల విషయమున సత్యమే. కాని ఈ కంపెనీల విషయమున మాకు తోచునది దానికి తలక్రిందు. ఇవి పొడుచుకొనుచున్నంత కాలము లేగకు కొంత మేత దొరకుచునే యున్నది. ఇవి రాజీపడి ఒకే కొట్టమున చేరిన నాడు లేగకు మేతయు లేదు, పారిపోవుటకు త్రోవయు లేదు. కావున ఎవరు గెలుతురని పందెము కాయు మన యువకులును, మనకెందుకను పెద్దలును, ఇరువురును చూడవలసిన చోటు చూచుట లేదని మా యభిప్రాయము.

ముందుగా ఒక పాత పోరును జ్ఞాపకము చేసికొందము. 1994 చివర నెట్‌స్కేపు అను చిన్న కంపెనీ యొకటి ఇంటర్నెట్టులోని పుటలను తెరచి చూపెడు సాధనము నొకదానిని తయారు చేసెను. అట్టి సాధనమును బ్రౌజరు అందురు. అది మిక్కిలి బాగుండుటచే లోకమంతయు దానినే వాడనారంభించెను. అప్పటికే కంప్యూటర్లను నడపు విండోసు అను ఏర్పాటుతో నూటికి తొంబది యంత్రములను తన చేతిలో నుంచుకొన్న మైక్రోసాఫ్టునకు ఇది కన్నెర్ర యయ్యెను. 1995 ఆగస్టులో తన సొంత బ్రౌజరును బయటకు తెచ్చెను. నెట్‌స్కేపు దానిని వెలకు అమ్ముకొని బ్రతుకుచుండగా, మైక్రోసాఫ్టు తన దానిని ఊరకే ఇచ్చి, పైగా విండోసుతో గట్టిగా ముడివేసి పంపెను. విత్తనపు దుకాణము పెట్టుకొన్న చిన్నవాని యెదుట, ఎరువుల దుకాణపు షావుకారు "ఎరువు కొన్నవారికి విత్తనము ఉచితము" అని బోర్డు కట్టినచో ఏమగునో అదే యయ్యెను. 1998లో నెట్‌స్కేపు మరియొక కంపెనీకి అమ్ముడుపోయెను.

ఇందులో రైతు గమనింపదగిన లెక్క ఒకటి కలదు. పోరు సాగిన కాలమున, అనగా 1995 ఆగస్టు మొదలు 1997 సెప్టెంబరు వరకు, రెండు సంవత్సరముల చిల్లర కాలములో మైక్రోసాఫ్టు తన బ్రౌజరును నాలుగు కూర్పులుగా సవరించి మెరుగుపరచెను. 2001లో ఆరవ కూర్పు వచ్చునప్పటికి ఎదిరి లేడు. నూటికి తొంబదిమంది దానినే వాడుచుండిరి. అటు పిమ్మట ఏడవ కూర్పు ఎప్పుడు వచ్చెనో ఎరుగుదురా? 2006 అక్టోబరులో! ఐదేండ్లు ఆ నాగలికి కర్రు మార్చినవాడు లేడు. ఆ సాధనములోని రంధ్రముల గుండ దొంగలు చొరబడుచున్నారని జనులు మొరపెట్టుకొనుచునే యుండిరి. నెట్‌స్కేపువారు 1998లో తమ సాధనపు మూలలిపిని, అనగా దానిని చేయు విధానమంతయు, లోకమునకు విడిచిపెట్టియుండిరి. కోసిన చేనిలో రాలిన గింజవలె అది మరల మొలచి, 2004లో ఫైర్‌ఫాక్సు అను పేరుతో పైకి వచ్చెను. అప్పుడు గాని గెలిచినవాడు నిద్ర లేవలేదు.

అమెరికా ప్రభుత్వము 1998 మే నెలలో మైక్రోసాఫ్టుపై దావా వేసెను. 2000లో ఒక న్యాయాధిపతి ఆ కంపెనీని రెండుగా చీల్చవలెనని తీర్పు చెప్పగా, మరుసటి యేడు పైకోర్టు ఆ చీలికను కొట్టివేసెను. వ్యాజ్యము ముగియునప్పటికి ఓడిన కంపెనీ ఎప్పుడో అమ్ముడుపోయెను. నీళ్లు రావలసిన పంటకు కోత తరువాత నీళ్లు వదలుట యన నిట్టిదే.

ఇక పొత్తుల సంగతి. పశువుల సంతలో దళారులు ఇద్దరు పైకి కేకలు వేసికొనుచు, కండువా క్రింద చేతులు చేర్చి వ్రేళ్లతో బేరము తేల్చుకొనుట మనకు క్రొత్త గాదు. పైమాటలను విని మోసపోయిన రైతులు మన ఫిర్కాలోనే యెందరో కలరు. ఈ మహా కంపెనీలకును ఆ కండువా యున్నది.

ఆపిలు, మైక్రోసాఫ్టు లన్నచో 1997 నాటికి బద్ధవైరులు. ఆపిలు నాడు దివాలాకు చేరువలో నుండెను. ఆ యాగస్టులో మైక్రోసాఫ్టు 15 కోట్ల డాలర్లు పెట్టి ఆపిలు వాటాలను కొని దానిని నిలువబెట్టెను. ప్రతిఫలముగా ఆపిలు యంత్రములలో మైక్రోసాఫ్టు బ్రౌజరే ముందుండునట్లు ఒప్పందమయ్యెను. వారి మధ్య నున్న వ్యాజ్యములును సమసిపోయెను. శత్రువును బ్రతికించుట ధర్మబుద్ధి యనవచ్చును. ఎదిరి యొకడు బ్రతికియున్నాడని న్యాయస్థానమునకు చూపుట కుపయోగమని చెప్పువారును కలరు. మేము రెండవ పక్షమువారము.

దానికన్న పెద్దది మరియొకటి. గూగులు ఆండ్రాయిడు ఫోనులకు మూలము. ఆపిలు ఐఫోనులకు యజమాని. ఆండ్రాయిడు తమ ఫోనును చూచి చేసినదని ఆపిలు వారికి మహాకోపము; ఆండ్రాయిడు ఫోనులు చేయు కంపెనీలపై 2010 మొదలు ఏండ్ల తరబడి దావాలు నడపిరి. మన యువకులు ఈ రెండింటిలో ఏది గొప్పయని తగవులాడుదురు. కాని ఐఫోనులో ఏదైన వెదకినప్పుడు ఆ వెదకుపని గూగులుకే చేరునట్లు ఏర్పరచినందులకు, గూగులు 2022 సంవత్సరమున ఆపిలుకు 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానమున బయటపడెను. ఆ వెదకులాటలపై ప్రకటనల ద్వారా వచ్చిన రాబడిలో నూటికి 36 వంతులు ఆపిలుకు పాలు! మన యూరిలో పాలుకు చేయు కౌలుదారుడు తన పొలపు యజమానితో వీధిలో కలియబడుచు, పంట పంచుకొనునప్పుడు మాత్రము ఇద్దరును ఒకే కాటాకడ చిరునవ్వుతో నిలువబడినచో మనమేమనుకొందుము?

2024 ఆగస్టు 5వ తేదీన న్యాయాధిపతి అమిత్ మెహతా గూగులు ఈ విషయమున గుత్తాధిపత్యమును అక్రమముగా నిలుపుకొన్నదని తీర్పు చెప్పెను. 2025 సెప్టెంబరు 2వ తేదీన శిక్ష నిర్ణయించుచు, ఇతరులను పూర్తిగా మూసివైచు ఒప్పందములను నిషేధించెను. వెదకుపనికి సంబంధించిన సమాచారములో కొంత పోటీదారులకు ఈయవలెననెను. కాని ఆపిలుకు సొమ్ము చెల్లించుటను మాత్రము మాన్పలేదు. ఇది సగము తీర్పని మా మనవి. గేటుకు వేసిన తాళము తీయించి, కావలివానికి ఇచ్చు లంచమును మాత్రము అట్లే యుండనిచ్చినట్లున్నది.

పనివారి విషయమున మరియు హీనముగా నడచినది. ఆపిలు, గూగులు, ఇంటెలు, అడోబి మొదలైన కంపెనీలు ఒకరి పనివారిని ఒకరు పిలువరాదని లోలోపల కూడబలుకుకొన్నవి. పనివాడు ఒకచోట మాని ఒకచోట చేరినగదా జీతము పెరుగును? ఆ త్రోవ మూసివేసిరి. 2010లో ప్రభుత్వము దీనిని పట్టుకొనెను. 2015లో ఆ నాలుగు కంపెనీలు పనివారికి 41.5 కోట్ల డాలర్లు చెల్లించుకొనవలసి వచ్చెను. మార్కెట్ యార్డులో పాటకు వచ్చిన వ్యాపారులు ముందే కూడబలుకుకొని "నీ కుప్పకు నేను పాడను, నా కుప్పకు నీవు పాడవలదు" అనుకొనుటను మన రైతులు సిండికేటు అందురు. వేల మైళ్ల దూరమున, చదువరుల మధ్య, అద్దాల మేడలలో జరిగినదియు అదే.

మన దేశమునకు వత్తము. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చినప్పుడు పల్లెపల్లెయు పండుగ చేసికొనెను. మాటలు ఉచితము, ఇంటర్నెట్టు ఉచితము. 2017 మార్చి వరకు అట్లే సాగెను. మేమును ఆ పండుగలో ఉంటిమి, దాపరికమెందుకు? మా ప్రదర్శన క్షేత్రపు చిత్రములను పది గ్రామములకు ఒక్క గడియలో పంపగలుగుట మాకు అద్భుతముగా నుండెను. ఆ పోటీలో ఎయిర్‌సెల్ దివాలా తీసెను. వోడాఫోను, ఐడియా 2018లో ఒకటయ్యెను. టాటావారి సెల్‌ఫోను వ్యాపారము ఎయిర్‌టెల్‌లో కలిసెను. పందెపుకోళ్లు తగ్గినవి. పిమ్మట 2019 డిసెంబరు, 2021 చివర, 2024 జూలై — ఈ మూడు మారులును మిగిలిన ప్రైవేటు కంపెనీలన్నియు కొలది దినముల తేడాలో రేట్లు పెంచినవి. ఒకదానిని విడిచి మరియొకదానికి పోవుదమనుకొన్న రైతుకు అచ్చటను అదే రేటు ఎదురయ్యెను.

ఇందులో ఇంకొక ముచ్చట. 2020లో ఫేస్‌బుక్కు 43,574 కోట్ల రూపాయలు, గూగులు 33,737 కోట్ల రూపాయలు పెట్టి జియో సంస్థలో వాటాలు కొన్నవి. అమెరికాలో ప్రకటనల వ్యాపారమున ఒకదానినొకటి మ్రింగజూచు ఈ రెండును ఇచ్చట ఒకే పంక్తిని గూర్చుండినవి. మరల 2022 జనవరిలో గూగులు, జియోకు ప్రత్యర్థియైన ఎయిర్‌టెల్‌లోను సొమ్ము పెట్టుటకు ఒప్పుకొనెను. రెండు కోళ్లపైనను పందెము కాచినవానికి ఓటమి యెక్కడిది?

అదే త్రోవలో ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చినది. 2025 జూలైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పెర్‌ప్లెక్సిటీ యొక్క హెచ్చుతరగతి సేవను సంవత్సరముపాటు ఉచితమని ప్రకటించెను. అక్టోబరులో జియో గూగులు వారి జెమినీని 18 నెలలు ఉచితమనెను. నవంబరులో ఓపెన్‌ఏఐ తన ఛాట్‌జీపీటీ సేవ నొకదానిని మన దేశమువారికి సంవత్సరముపాటు ఉచితముగా తెరచెను. మన తాతల కాలమున తేయాకు ప్రచారకులు ఊరూర తిరిగి ఊరకే తేనీరు పోసి అలవాటు చేసిరి. ఇప్పుడు తెల్లవారగనే ఆ గ్లాసు లేనిదే పొలమునకు పోవువాడు లేడు. అట్లని తేనీరు విషమని మేమనుట లేదు. ఉచితమైనంతవరకు వాడుకొనుడు. తెగులు సోకిన యాకు చిత్రమును చూపి యడిగినచో అది చెప్పు సమాధానము ఒక్కొక్కప్పుడు మా సమాధానముకన్న మెరుగుగానే యుండును; ఒక్కొక్కప్పుడు ధైర్యముగా తప్పు చెప్పును. మందు కొట్టుటకు ముందు వ్యవసాయాధికారిని గూడ అడుగుడు.

ఈ పోటీ ఇప్పుడు పొలముగట్టు వరకు వచ్చినది. ఈ విద్యకు వేలకొలది కంప్యూటర్లు ఒకచోట నడువవలెను. వాటికి భూమి, విద్యుత్తు, చల్లార్చుటకు నీరు కావలెను. 2025 అక్టోబరు 14న గూగులు విశాఖపట్టణమున ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లతో అట్టి కేంద్రమును కట్టుదునని ప్రకటించెను. మైక్రోసాఫ్టునకు హైదరాబాదు ముఖ్య కేంద్రములలో నొకటి. దాని అధిపతి సత్య నాదెళ్ల మన హైదరాబాదున పుట్టినవాడే. భూమికి వెల, నీటికి వంతు, బిడ్డలకు పని — వీనిని అడుగుటకు తరుణము కంపెనీలు ఒకదానితో ఒకటి పోటీపడి చోటు వెదకుచున్న యిప్పుడే. గోడ లేచిన తరువాత అడిగినచో గేటుకడ కావలివాడు సమాధానము చెప్పును.

ఇంతవరకు చదివి, ఈ వ్రాయువారు యంత్రముల శత్రువులని ఎవరైన తలపవచ్చును. కాము. 2016 ఖరీఫున కర్నూలు జిల్లా దేవనకొండ మండలములో 175 మంది వేరుసెనగ రైతులకు ఇక్రిశాటు సంస్థయు మైక్రోసాఫ్టును కలిసి, ఏ దినమున విత్తవలెనో ఫోనుకు సందేశములు పంపినవి. అలవాటు ప్రకారము జూను తొలి దినములలో విత్తక, జూను చివరి వరకు ఆగుడని సలహా. ఆగినవారికి దిగుబడి సుమారు నూటికి 30 వంతులు హెచ్చుగా వచ్చినట్లు ఆ సంస్థలు తెలిపినవి. మేము ఇరువది యేండ్లుగా తొలకరికి తొందరపడకుడని గొంతు చించుకొని చెప్పుచున్నదానిని ఒక సందేశము ఒక్క ఋతువులో సాధించినది. కొంత అసూయ కలిగినను సంతోషించితిమి.

కాని యోచింపుడు: ఆ సలహా యెచ్చటనుండి వచ్చినది? అనేక సంవత్సరముల వానల లెక్కలనుండి, నేలలోని తేమనుండి. కంపెనీల పోరులో అసలు మేత ఈ లెక్కలే. మన పొలపు లెక్క ఒకని యొద్దనే చిక్కి, మరియొకని యొద్దకు తీసికొనిపోవుటకు వీలులేనిచో, రేపు ఎవడు గెలిచినను మనకొక్కటే.

తీసికొనిపోవుటకు వీలున్నప్పుడు ఎట్లుండునో మనము ప్రతిదినమును చూచుచునే యున్నాము. 2016లో మొదలైన యూపీఐ చెల్లింపులలో ఫోన్‌పే వాడువాడు గూగులుపే వానికి సొమ్ము పంపవచ్చును. ఎరువుల దుకాణమున అంటించిన చీటీ యొకటే, ఏ యాపుతోనైన చెల్లును. నచ్చకున్న రేపే మరియొకటి పెట్టుకొనవచ్చును; సొమ్ము మాత్రము మన బ్యాంకు ఖాతాలోనే యుండును. బాట అందరిది, బండ్లు ఎవరివి వారివి. వాట్సాపు అట్లు గాదు. దానిని విడిచినవాడు తన బంధువర్గమంతటిని అచ్చటనే విడిచి పోవలెను. అయినను యూపీఐ బాటమీదను రెండు బండ్లే నిండియున్నవి. 2024లో చెల్లింపుల సంఖ్యలో నూటికి 80కి పైగా ఫోన్‌పే, గూగులుపేలవే. ఏ యొక్కటియు నూటికి 30 మించరాదని 2020లో పెట్టిన నియమము అమలు గాక వాయిదాపై వాయిదా పడి, 2024 చివర మరల రెండేండ్లు పొడిగింపబడెను. బాట మనదైనంత మాత్రమున చాలదు, ఏడాదికొకసారి మట్టి పోయించుకొనవలెను.

మా సొంత తప్పిదమును గూడ చెప్పుకొనుట న్యాయము. కొన్ని యేండ్ల క్రిందట మా వర్షమాపకపు లెక్కలను, విత్తిన తేదీలను చేతివ్రాత పుస్తకమున వ్రాయుట మాని, ఒక కంపెనీవారి ఉచిత యాపులో వ్రాయనారంభించితిమి. చక్కని పటములు, రంగురంగుల గీతలు! పుస్తకమును అటకమీద పెట్టించినది మేమే. రెండేండ్లు గడచిన పిమ్మట ఆ కంపెనీని మరియొకటి కొనెను, యాపు మూతపడెను. మూయుదుమని జాబు పంపిరట. అది ఆంగ్లమున, కలుపుతీత ముమ్మరమున, నూరు జాబుల మధ్య వచ్చినది, మేము చూడలేదు. రెండేండ్ల వానలు పోయినవి. బీమా విషయమున ఒక రైతు ఆ సంవత్సరపు లెక్క యడుగ వచ్చినప్పుడు అతని యెదుట మేము తల వంచుకొని నిలిచితిమి.

అందుచేత సంఘ సభ్యులకు మా విన్నపము. ప్రాథమిక సహకార పరపతి సంఘముల లెక్కలను కంప్యూటరులో నెక్కించుటకు కేంద్ర ప్రభుత్వము 2022లో 63,000 సంఘములకు ఒక్క తీరు ఏర్పాటును ఆమోదించెను. అది మంచిది, ఒక్క తీరున ఉన్నందున ఒకచోటి లెక్క మరియొకచోట చదువబడును. కాని దానికి ప్రక్కగా విత్తనపు సలహా, పంట కొనుగోలు, అప్పు అని చెప్పుకొనుచు యాపులు పట్టుకొని కార్యదర్శి యొద్దకు వచ్చువారు హెచ్చగుచున్నారు. ఎవరితో కుదుర్చుకొనుటకు ముందైనను, మన లెక్కలన్నియు మనకు చదువ వీలైన రీతిని ఏ దినమున అడిగిన ఆ దినమున ఇత్తురా యని అడుగుడు. ఉచితపు గడువు తీరిన పిమ్మట వెల యెంతయో ఇప్పుడే కాగితముమీద వ్రాయుమనుడు. వారు "తరువాత చూతము" అన్నచో మీరును అదే మాట అనుడు. వచ్చు మహాజన సభలో ఈ విషయమును తీర్మానముగా పెట్టవలెనని అధ్యక్షులవారిని కోరితిమి, వారు అంగీకరించిరి.

పోయిన ఆ రెండేండ్ల వానలలో కొంత భాగము గత వారము దొరకినది. అరుగుమీద సామెత చెప్పిన ఆ వృద్ధ రైతే, వాన పడిన ప్రతిదినమును తన గోడ క్యాలెండరులో తేదీ చుట్టు సున్న చుట్టి ఉంచెను. ఆ క్యాలెండర్లను పారవేయలేదు. మిల్లీమీటర్లు లేవు గాని దినములు కలవు. అట్టి క్యాలెండర్లు గాని పంచాంగములు గాని ఇంకెవరి యింటనైన నున్నచో సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపవలసినదిగా కోరుచున్నాము. నకలు వ్రాసికొని ఆ దినముననే మరల ఇచ్చెదము. వర్షమాపకపు పుస్తకమును అటకనుండి దింపితిమి. అది కార్యదర్శిగారి బల్లమీద, ఎవరైనను తెరచి చూచుకొన వీలుగా నున్నది.